దారి చెప్పని ప్రశ్న

దస్త్రాల చరిత్ర – 11వ భాగం

ఒక కంపెనీలో ఉద్యోగుల పట్టిక ఉంది. వరుసకొక ఉద్యోగి: పేరు, జీతం, పైనున్న మేనేజరు పేరు. మేనేజరూ ఉద్యోగే కనుక ఆయన జీతం కూడా అదే పట్టికలో, ఎక్కడో తన సొంత వరుసలో ఉంటుంది. తన మేనేజరు కంటే ఎక్కువ జీతం అందుకుంటున్నవాళ్లు ఎవరు?

1970ల మొదట్లో ఐబీఎం పరిశోధకులు డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఇలాంటి ప్రశ్నలతో ఒక ఆట ఆడుకునేవారు. ఒకరు ప్రశ్న వేస్తే, రెండోవారు దాన్ని యంత్రానికి పనికొచ్చే భాషలో వీలైనంత తేటగా రాయాలి. మేనేజరు జీతం ప్రశ్న ఆ కాలపు పరిశోధన పత్రాల్లో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. చూడ్డానికి పట్టిక ఒక్కటే. జవాబు కావాలంటే మాత్రం దాన్ని రెండు ప్రతులుగా ఊహించుకోవాలి. ఎడమ ప్రతిలో ఉద్యోగి, కుడి ప్రతిలో మేనేజరు. ఎడమవైపు ‘మేనేజరు’ గడిలో ఉన్న పేరు, కుడివైపు ‘పేరు’ గడిలో ఉన్న పేరు ఒకటైన చోటల్లా రెండు వరుసలనూ పక్కపక్కన అతికించాలి. అప్పుడు రెండు జీతాలూ ఒకే వరుసలోకి వస్తాయి. ఇక పోల్చుకోవడమే.

ఇలా అతికించడాన్నే జాయిన్ అంటారు. ఈ రోజు రైలు టికెట్టు కొన్నా, బ్యాంకు ఖాతా చూసుకున్నా తెర వెనక ఎక్కడో రెండు మూడు పట్టికలు ఇలాగే కలుస్తుంటాయి. కలపాలన్న ఆలోచన 1970 నాటికే కాగితం మీద ఉంది. యంత్రం దాన్ని ఓపిగ్గా, నమ్మకంగా చేయడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ఈ భాగంలో ఆ పదేళ్ల సంగతి.

గత వారం చార్లెస్ బాక్‌మన్ దగ్గర ఆగాం. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఆయన కట్టిన వ్యవస్థలో ఒక రికార్డు నుంచి ఇంకో రికార్డుకు ముందే గొలుసులు వేసి ఉండేవి. అపోలో ప్రయాణాల కోసం విడిభాగాల జాబితా మోసిన ఐబీఎం వారి ఐఎంఎస్ వ్యవస్థలో అవే సంబంధాలు చెట్టు కొమ్మల్లా, పై నుంచి కిందికి ఉండేవి. రెండింటిలోనూ ప్రోగ్రాం రాసేవాడు ఒక రికార్డు పట్టుకుని, గొలుసు వెంట నడిచి, తర్వాతి రికార్డు చేరుకోవాలి. 1973లో ట్యూరింగ్ బహుమతి అందుకున్నప్పుడు బాక్‌మన్ తన ఉపన్యాసంలో ప్రోగ్రామరును సమాచారపు లోకంలో దారి వెతుక్కుంటూ సాగే నావికుడిగా చిత్రించారు. అది ఆయన గర్వంగా చెప్పిన మాట, ఆ గర్వానికి అర్హత కూడా ఉంది.

మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించుకున్న పాతతరం వాళ్లకు ఈ నడక కొత్త కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పేర్లవారీగా ఒక ఇండెక్సు, ఆస్తులవారీగా ఇంకొకటి ఉంటాయి. గుమస్తా ఆస్తుల ఇండెక్సులో సర్వే నంబరు పట్టుకుని, అక్కడ రాసి ఉన్న వాల్యూము, పేజీ చూసుకుని, బీరువాలోంచి ఆ వాల్యూము దించి, దస్తావేజు నకలు దగ్గరకు చేరతాడు. పేరుతో వస్తే పేరు ఇండెక్సు ఉంది, ఆస్తితో వస్తే ఆస్తి ఇండెక్సు ఉంది. ఈ రెండూ కాకుండా, ఫలానా ఏడాది కొన్న భూమిని అదే ఏడాది తిరిగి అమ్మినవాళ్లెవరు అని అడిగితే? సమాచారమంతా ఆ బీరువాల్లోనే ఉంది. దారి మాత్రం ఎవరూ వేసిపెట్టలేదు. గొలుసుల వ్యవస్థకు ఉన్న ఇబ్బందే ఇది: ముందుగా ఎవరో ఊహించిన ప్రశ్నకు వేగంగా పలుకుతుంది, ఊహించని ప్రశ్నకు కొత్త ప్రోగ్రాం రాయించుకుంటుంది.

ఈ ఇబ్బందిని గణితజ్ఞుడి కంటితో చూసిన మనిషి ఎడ్గర్ కాడ్. స్నేహితులకు టెడ్. 1923లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో విమానాలు నడిపారు. 1948లో అమెరికా చేరి ఐబీఎంలో ప్రవేశించారు. సెనేటర్ మెకార్థీ కమ్యూనిస్టు వేట నచ్చక 1953లో కెనడాకు వెళ్లిపోయి, కొన్నేళ్లకు తిరిగొచ్చారు. నలభై దాటాక 1965లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పూర్తి చేశారు. కాలిఫోర్నియాలోని శాన్ హోసే ప్రయోగశాలలో కూర్చుని 1969లో ఒక అంతర్గత నివేదిక, దాన్ని పెంచి 1970 జూన్‌లో పదకొండు పేజీల వ్యాసం రాశారు.

ఆ వ్యాసంలో ఆయన గొలుసులన్నీ తెంపేశారు. సమాచారమంతా విడివిడి పట్టికలే. ఒక పట్టికకూ ఇంకో పట్టికకూ మధ్య తాడు ఉండదు, బాణం గుర్తు ఉండదు. రెంటిలోనూ ఒకే విలువ ఉండటమే సంబంధం. మన గ్రామ లెక్కల్లో అడంగల్‌కీ 1-బీకీ మధ్య దారం కట్టి ఉండదు కదా. సర్వే నంబరు, ఖాతా నంబరు రెండు చోట్లా ఉంటాయి కాబట్టి ఏ పొలంలో ఏ పంట ఉందో, ఆ పొలం ఎవరి ఖాతాలో ఉందో కలిపి చదువుకోగలం. కాడ్ అదే పద్ధతిని గణితం చేశారు. పట్టికలోంచి కావలసిన గడులు ఏరుకోవడం, కావలసిన వరుసలు ఏరుకోవడం, రెండు పట్టికలను ఉమ్మడి విలువ మీద కలపడం: ఇవన్నీ పట్టిక మీద చేసే క్రియలు. ప్రతి క్రియ ఫలితమూ మళ్లీ పట్టికే. కలిపితే వచ్చిన పట్టికను ఇంకో పట్టికతో కలపవచ్చు, దాన్ని మరో దానితో. ప్రశ్న ఎంత పెద్దదైనా ఇవే ముక్కలు.

ఈ ఆలోచన పుట్టిన రోజునే దాని ప్రమాదాన్ని కూడా కాడ్ రాసిపెట్టడం నాకు ఆయన మీద గౌరవం పెంచిన సంగతి. ఆయన తీసుకున్నది సరఫరాదారులు, విడిభాగాలు, ప్రాజెక్టుల ఉదాహరణ. దాన్ని మన మాటల్లో చెప్పుకుందాం. ఒక వ్యాపారి బోల్టులు సరఫరా చేస్తాడని ఒక పట్టిక చెబుతుంది. వంతెన పనిలో బోల్టులు వాడుతున్నారని ఇంకో పట్టిక చెబుతుంది. రెంటినీ ‘బోల్టు’ మీద కలిపితే వ్యాపారి, బోల్టు, వంతెన ఒకే వరుసలోకి వచ్చి నిలబడతాయి. అంతమాత్రాన ఆ వ్యాపారి ఆ వంతెనకు సరఫరా చేశాడని తేలిందా? తేలలేదు. అతని బోల్టులు వేరే పనికి వెళ్లి ఉండవచ్చు, వంతెనకు ఇంకెవరో ఇచ్చి ఉండవచ్చు. రెండు నిజాలు అతికితే మూడో నిజం పుట్టినట్టు కనబడుతుంది, కానీ అది నిజం కాకపోవచ్చు. దీన్ని కాడ్ సంబంధాల ఉచ్చు అన్నారు. ఆయన హెచ్చరించి యాభై ఏళ్లు దాటినా, పట్టికలు కలిపి తీసిన నివేదికల్లో నేను చూసిన తప్పుల్లో సగం ఈ ఉచ్చులో పడినవే.

చాంబర్లిన్ అప్పటికి న్యూయార్క్ రాష్ట్రంలోని యార్క్‌టౌన్ హైట్స్ ప్రయోగశాలలో ఉన్నారు. గొలుసుల పద్ధతిని శ్రద్ధగా నేర్చుకున్న మనిషి. అక్కడికొచ్చి కాడ్ చేసిన ప్రసంగం విన్నాక, తాము పేజీల కొద్దీ ప్రోగ్రాం రాసే ప్రశ్నలను ఆయన ఒక్క పంక్తిలో ముగించడం చూసి మనసు మార్చుకున్నానని తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. కాకపోతే కాడ్ పంక్తులు తర్కశాస్త్రపు గుర్తులతో నిండి ఉండేవి. వాటిని కీబోర్డు మీద కొట్టడం కూడా కుదరదు. గణితం తెలియని గుమస్తా, ఇంజినీరు, అకౌంటెంటు తమంతట తామే అడగగలిగేలా మామూలు మాటల్లో ఒక భాష కావాలి. 1973లో చాంబర్లిన్, బాయిస్ ఇద్దరూ శాన్ హోసేకి మారి ఆ పనిలో పడ్డారు. సీక్వెల్ అని పేరు పెట్టారు. ఇంగ్లండ్‌లోని ఒక విమానాల కంపెనీకి ఆ పేరు మీద హక్కు ఉందని తెలిశాక ఎస్‌క్యూఎల్‌గా కుదించారు.

1974 మే నెలలో మిషిగన్‌లోని యాన్ ఆర్బర్‌లో జరిగిన సదస్సు ఈ చరిత్రలో పెద్ద మజిలీ. సీక్వెల్ వ్యాసాన్ని చాంబర్లిన్, బాయిస్ చదివింది అక్కడే. గొలుసుల పక్షాన బాక్‌మన్, పట్టికల పక్షాన కాడ్ ఎదురెదురుగా వాదించుకున్నదీ అక్కడే. బాక్‌మన్ వర్గం అడిగిన ప్రశ్న న్యాయమైనది: నడిచే దారి చెప్పకపోతే యంత్రం సరైన దారి ఎలా పట్టుకుంటుంది? పట్టికల పద్ధతి కాగితం మీద అందంగా ఉంటుంది సరే, లక్షల వరుసలు కలపాల్సి వస్తే పని పూర్తయ్యేదెప్పుడు? ఆ రోజున కాడ్ దగ్గర చూపించడానికి నడుస్తున్న యంత్రం లేదు. అదే ఏడాది బాయిస్ మెదడులో రక్తనాళం చిట్లి హఠాత్తుగా కన్నుమూశారు. ఇంకా ముప్పై నిండలేదు. పట్టికలను ఎలా విడగొట్టాలో చెప్పే నియమం ఒకటి ఇప్పటికీ బాయిస్, కాడ్‌ల పేర్లతోనే పాఠాల్లో ఉంది.

శాన్ హోసేలో సిస్టమ్ ఆర్ అనే ప్రయోగం మొదలైంది. 1974, 1975లలో కట్టిన తొలి నమూనా గురించి ఆ బృందమే తర్వాత రాసిన చరిత్రలో ఒక వివరం ఉంది. నేను మొదటిసారి చదివినప్పుడు నమ్మలేక వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను. ఆ నమూనాలో జాయిన్ లేదు! ప్రశ్నలో ప్రశ్న పెట్టుకునే సౌకర్యం ఉంది. అంటే డెన్వర్‌లో ఉన్న విభాగాల నంబర్లేమిటో లోపల అడిగి, ఆ నంబర్లున్న ఉద్యోగులను పైన అడగవచ్చు. అలా వెతుకులాట ఎన్ని పట్టికల గుండానైనా సాగవచ్చు గానీ, చివరికి జవాబులో కనబడే గడులన్నీ ఒకే పట్టికవి కావాలి. ఉద్యోగి పేరు వస్తుంది, పక్కన అతని విభాగం పేరు రాదు. ఏ క్రియ మీద మొత్తం సిద్ధాంతం నిలబడిందో దాన్ని తర్వాతి దశకు వదిలారు. అది బద్ధకం కాదు. ఒక్క పట్టికలో వెతకడమే ఎంత ఖర్చో తేల్చుకోకుండా రెంటిని కలపబోవడం తొందరపాటు అవుతుందని వాళ్లకు తెలుసు.

ఖర్చు సంగతి చూద్దాం. ఉద్యోగులు 10,000 మంది, విభాగాలు 500 అనుకోండి. ప్రతి ఉద్యోగి వరుసనూ పట్టుకుని ప్రతి విభాగం వరుసతోనూ పోల్చుకుంటూ పోతే 50 లక్షల పోలికలు. డిస్కు గిర్రున తిరుగుతూ ఒక్కో పేజీ అందించే ఆ రోజుల్లో ఇది జరిగే పని కాదు. ఐబీఎంలోనే మైక్ బ్లాస్‌గెన్, కపాలి ఈశ్వరన్ కూర్చుని, రెండు పట్టికలను కలపడానికి తోచిన పద్ధతులన్నీ పక్కపక్కన పెట్టి లెక్కలు వేశారు. 1977లో వాటిని ప్రచురించారు. ఎన్నో పద్ధతులు పోల్చి చూసినా, ఏ సందర్భంలోనైనా రెంటిలో ఒకటి అన్నిటికంటే మంచిదో, దానికి దగ్గరిదో అవుతోంది. మొదటిది: ఒక పట్టిక వరుసల వెంట నడుస్తూ, ప్రతి వరుసకూ రెండో పట్టిక ఇండెక్సు తెరిచి, సరిపోయే వరుసలను మాత్రమే తెచ్చుకోవడం. రెండోది: రెండు పట్టికలనూ ఉమ్మడి గడి ప్రకారం ముందు వరుసక్రమంలో పేర్చుకుని, రెండు వేళ్లు పెట్టి పై నుంచి కిందికి ఒకేసారి జరుపుకుంటూ పోవడం. పేర్చుకున్నాక మన ఉదాహరణలో 50 లక్షల పోలికల బదులు ఇటు 10,000, అటు 500 వరుసల మీదుగా ఒక్క నడక. పరీక్ష హాలు హాజరు పట్టీని, జవాబు పత్రాల కట్టను హాల్ టికెట్ నంబరు ప్రకారం పేర్చుకుని సరిచూసే మాస్టార్లు తరతరాలుగా చేస్తున్న పని ఇదే.

రెండు పట్టికల బాధ తీరింది. మూడైతే? ముందు ఏ రెంటిని కలపాలి? ఇక్కడికి వచ్చేసరికి పెట్రిషియా సెలింజర్ పేరు చెప్పుకోవాలి. 1979లో ఆమె నలుగురు సహచరులతో కలిసి రాసిన వ్యాసంలో ఉద్యోగులు, విభాగాలు, ఉద్యోగ హోదాలు అనే మూడు పట్టికలు ఉంటాయి. ప్రశ్న: డెన్వర్‌లోని విభాగాల్లో పనిచేసే క్లర్కుల పేర్లు, జీతాలు, హోదా, విభాగం పేరు. ముందు డెన్వర్ విభాగాలు ఏరుకుని వాటిలోని ఉద్యోగులను తెచ్చుకుని అందులో క్లర్కులను చూడాలా, ముందు క్లర్కులందరినీ ఏరుకుని ఆ తర్వాత డెన్వర్ చూడాలా? జవాబు మారదు. పట్టే సమయం మాత్రం చాలా మారుతుంది. మూడు పట్టికలకు ఆరు వరుసక్రమాలు. పది పట్టికలైతే 36,28,800. అన్నీ సరిచూసి మంచిది ఎంచుకోవాలంటే ప్రశ్నకు జవాబు చెప్పడం కంటే జవాబు ఎలా చెప్పాలో ఆలోచించడానికే ఎక్కువ కాలం పడుతుంది.

సెలింజర్ బృందం ఆ కొండను కింది నుంచి ఎక్కింది. ముందు ఒక్కో పట్టికను చదవడానికి ఏది చవకో లెక్కవేయాలి. తర్వాత ప్రతి జంటనూ కలపడానికి ఏది చవకో చూసి, దాన్ని మాత్రం గుర్తుపెట్టుకుని ఖరీదైన దారులను పారేయాలి. మూడింటి జట్టుకు వచ్చినప్పుడు, జంటలకు ముందే తేలిన చవక దారుల మీద మూడో పట్టిక చేర్చి చూడాలి. ఏ మూడింటిని ఎలా కలిపినా కలిశాక వచ్చే పట్టిక ఒకటే కనుక, వాటిలో చవకైన దారి చేతిలో ఉంటే చాలు. ఇలా పోతే పది పట్టికలకు గుర్తుపెట్టుకోవలసిన జట్లు 1,023. ముప్పై ఆరు లక్షలెక్కడ, వెయ్యెక్కడ! ఖరీదైనా ఒక దారిని పారేయకుండా ఉంచుకునే మినహాయింపు కూడా పెట్టారు: ముందు ముందు అవసరమయ్యే వరుసక్రమంలో ఫలితాన్ని పేర్చి ఇచ్చే దారైతే దాన్ని దాచుకుంటారు. ఎన్ని వరుసలు వస్తాయో ముందే అంచనా వేయడానికి యంత్రం దగ్గర పట్టికల పరిమాణం, ఇండెక్సుల వివరాలు ఉంటాయి. ఏ వివరమూ లేకపోతే, ఒక గడి ఫలానా విలువకు సమానం అన్న షరతుకు పదో వంతు వరుసలు నిలుస్తాయని అనుకోమన్నారు. అది ఊహే. ఊహ అని చెప్పే రాశారు. ఈనాటి డేటాబేసుల్లో దారి ఎంచే భాగం చాలావాటిలో ఆ వ్యాసానికి వారసత్వమే.

యాన్ ఆర్బర్‌లో బాక్‌మన్ వర్గం అడిగినదానికి శాన్ హోసే ఇచ్చిన జవాబు ఈ వ్యాసం. దారి మనిషి చెప్పనక్కర్లేదు, యంత్రం లెక్కవేసి ఎంచుకోగలదు. ప్రాట్ అండ్ విట్నీ అనే విమాన ఇంజన్ల సంస్థ 1977లోనే సిస్టమ్ ఆర్‌ను తెచ్చుకుని వాడి చూసింది. బర్క్‌లీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ తమ ఇంగ్రెస్ వ్యవస్థలో వేరే బాట తొక్కారు: పెద్ద ప్రశ్నను చిన్న చిన్న ప్రశ్నలుగా విడగొట్టుకుంటూ పోవడం. బయట లారీ ఎలిసన్ బృందం సిస్టమ్ ఆర్ వ్యాసాలు చదివి, ఐబీఎం కంటే ముందే 1979లో ఒరాకిల్‌ను అమ్మకానికి పెట్టింది. కాడ్‌కు 1981లో ట్యూరింగ్ బహుమతి వచ్చింది. 1980లలో టోక్యోలో మసారు కిట్సురెగావా బృందం హాషింగ్‌తో ముక్కలు చేసి కలిపే మూడో పద్ధతిని బలంగా నిలబెట్టింది. దాని వివరం ఇంకో భాగానికి ఉంచుదాం.

పక్కపక్కన అతికించడం ఒక కలయిక. ఒకదాని కింద ఒకటి పేర్చడం ఇంకో కలయిక. రెండు బ్రాంచీల ఖాతాదారుల జాబితాలను ఒకే జాబితాగా చేయాలంటే అతికించే పని లేదు, గడుల సంఖ్య, రకం సరిపోతే చాలు. దీని పేరు యూనియన్. సమితుల గణితం ప్రకారం ఒకే వరుస రెండు చోట్లా ఉంటే జవాబులో ఒకసారే ఉండాలి. అందువల్ల మామూలు యూనియన్ నకళ్లను ఏరేస్తుంది. వరుసలన్నీ అలాగే ఉండాలంటే యూనియన్ ఆల్ అని రాయాలి. ఈ ఒక్క మాట మరిచిపోతే, పేరూ మొత్తమూ ఒకటే అయిన ఇద్దరు మనుషులు ఒక్కరైపోతారు. విచిత్రం ఏమిటంటే వరుసలు ఏరుకునే మామూలు సెలెక్ట్ ప్రశ్నలో సిస్టమ్ ఆర్ నకళ్లను తీసేయదు. తీసేయాలంటే మళ్లీ పేర్చాలి, అది ఖర్చు. పట్టికలో నకళ్లుండటం కాడ్ చివరిదాకా ఒప్పుకోలేదు. తన సిద్ధాంతాన్ని లోకానికి చేర్చిన భాషనే ఆ విషయంలో గట్టిగా విమర్శిస్తూ వచ్చారు. గణితం ఆయన పక్షాన ఉంది. వాడుక మాత్రం ఖర్చు వైపే మొగ్గింది.

ఇంకొక లోటు మిగిలింది. జాయిన్ ఇచ్చే జవాబులో జోడీ దొరికిన వరుసలే ఉంటాయి. జోడీ దొరకనివి సద్దు లేకుండా రాలిపోతాయి. ఉద్యోగులే లేని విభాగం, అమ్ముడే పోని సరుకు జవాబులో కనబడవు. తప్పు జరిగిందని యంత్రం చెప్పదు, ఎందుకంటే దాని లెక్కలో తప్పు జరగలేదు. 1979లో కాడ్ తన నమూనాను విస్తరిస్తూ రాసిన వ్యాసంలో జోడీ లేని వరుసలను కూడా ఖాళీ గడులతో నిలబెట్టే బయటి కలయికకు చోటిచ్చారు. జాయిన్ అన్న మాటతో సహా, ఎడమవైపు పట్టికలో వరుసలన్నీ ఉంచమనే లెఫ్ట్ ఔటర్ జాయిన్ ప్రామాణిక ఎస్‌క్యూఎల్‌లోకి వచ్చింది 1992లో. అంతకుముందు ప్రశ్నలో పట్టికలను ఫ్రమ్ అనే మాట తర్వాత వరసగా రాసి, కలిపే షరతును వేర్ అనే మాట తర్వాత పెట్టేవాళ్లం. బయటి కలయికకు ఒక్కో కంపెనీ ఒక్కో సొంత గుర్తు పెట్టుకుంది.

ఆ మధ్యకాలంలోనే నేను ఉద్యోగంలో చేరాను. ఒక కాలేజీ హాస్టల్ మెస్ బకాయిల జాబితా తీయమన్నారు. విద్యార్థుల పట్టిక, చెల్లింపుల పట్టిక రెండూ హాస్టల్ నంబరు మీద కలిపి, ఎవరు ఎంత కట్టారు, ఎంత మిగిలింది అని చక్కగా అచ్చు తీసి ఇచ్చాను. మెస్ లెక్కలు చూసే పెద్దాయన కళ్లజోడు సర్దుకుని వేలు పెట్టి చదివారు.

“బాబూ, మూడో గదిలో కుర్రాడు చేరిన కాణ్ణించీ ఒక్క రూపాయి కట్టలేదు. వాడి పేరు లేదేంటి ఇందులో?”

చెల్లింపుల పట్టికలో ఆ కుర్రాడికి ఒక్క వరుసా లేదు. అందుకే జోడీ లేదు, అందుకే పేరు లేదు. కొంత కట్టినవాళ్ల పేర్లన్నీ బకాయిదారులుగా అచ్చయ్యాయి, ఏమీ కట్టనివాళ్లందరూ మాయమయ్యారు. మేం వాడే సాఫ్ట్‌వేర్‌లో బయటి కలయిక లేదు. ఆ సాయంత్రం కూర్చుని రెండు ప్రశ్నలు రాశాను. మొదటిది చెల్లింపులున్నవాళ్లను కలిపేది. రెండోది, చెల్లింపుల పట్టికలో నంబరే లేని విద్యార్థులను ఏరుకుని, కట్టిన సొమ్ము గడిలో సున్నా పెట్టేది. రెంటి మధ్య యూనియన్ ఆల్ పెట్టాను. కొత్త జాబితా పట్టుకెళ్లి ఇస్తే పెద్దాయన ఈసారి పై నుంచి చదవలేదు. చివరి పేజీ తిప్పి, సున్నాలున్న పేర్లను ఒక్కొక్కటీ పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ వెళ్లారు. ఆ పిల్లల్లో ఇద్దరి దగ్గర ఆగి, వీళ్ల ఇంటి పరిస్థితి నాకు తెలుసు, వీళ్లకు నోటీసు పంపకండి, నేను ప్రిన్సిపాలుగారితో మాట్లాడతాను అన్నారు.

(సశేషం)